కుడివైపు గుర్రం

సోమవారం పొద్దున ఏడు కాకముందే కొండ మీది బండరాళ్ళు వేడెక్కడం మొదలుపెట్టాయి. ఆర్విల్ టీగ్ జూనిపర్ వీపు మీద జీను వేసి పొట్టపట్టీ బిగించాడు. బిగించినప్పుడల్లా అది గాలి పీల్చి పొట్ట ఉబ్బిస్తుంది. ఆ సంగతి తెలుసు కాబట్టి మెడ నిమురుతూ కాసేపు ఆగాడు. అది ఊపిరి వదలగానే ఇంకో రంధ్రం లోపలికి లాగాడు.

"దొంగముండా," అన్నాడు ముద్దుగా.

జూనిపర్ ఎర్ర ఆడగుర్రం. నుదుటి నుంచి ముక్కు దాకా తెల్లని నామం. గుర్రపుశాల వాళ్ళ దగ్గర అద్దెకు తెచ్చేదే అయినా, ఆరేళ్ళుగా దాన్ని ఎక్కింది ఆర్విల్ ఒక్కడే. ముగ్గురు స్నేహితులు గుర్రాల మీద ఊరూరా తిరుగుతూ దొంగల పని పట్టే ఆ సినిమా బొమ్మలు అప్పటికి పద్నాలుగు వచ్చాయి. ఒక్కోటి ఆరు రోజుల్లో తీసేవారు. ప్రతి బొమ్మా ఒకేలా మొదలవుతుంది. ముగ్గురూ కొండ ఎక్కి వచ్చి వరసగా ఆగుతారు. నడుమ కథానాయకుడు, ఎడమవైపు హాస్యగాడు హోబీ ప్లమ్లీ, కుడివైపు ఆర్విల్.

నడిమివాడు పోయిన నెలలో పెద్ద కంపెనీకి వెళ్ళిపోయాడు. ఇక ఆ చోటు ఆర్విల్‌దేనని అందరూ అనుకున్నారు. అందరికన్నా ముందు ఆర్విల్ అనుకున్నాడు. నడిమి గుర్రం మీద కూర్చునేవాడికి మీసం ఉండకూడదని ఆదివారం నాడు శుభ్రంగా గొరిగించేసుకున్నాడు కూడా.

దర్శకుడు గెల్లర్ కారు దుమ్ము రేపుకుంటూ వచ్చి ఆగింది. ఆయన వెంట ఒక కుర్రాడు దిగాడు. ఇరవై రెండు, ఇరవై మూడేళ్ళుంటాయేమో. భుజాలు వెడల్పు, పళ్ళు తెలుపు, తెల్ల టోపీ కొత్తది. పేరు కెన్ లారిమర్. రేడియోలో సబ్బుల కంపెనీవాళ్ళ పాట పాడేవాడట.

"ఆర్విల్, ఇతను మన కొత్త నడిమి మనిషి," అన్నాడు గెల్లర్, చేతిలో కాగితాలు తిరగేస్తూనే. తర్వాత తలెత్తి చూశాడు. "నీ మీసమేదీ?"

ఆర్విల్ పై పెదవి తడుముకున్నాడు.

"నీ మొహం జనానికి గుర్తుండేదే ఆ మీసంతో కదయ్యా! పో, పోయి ఒకటి అంటించుకో. అన్నట్టు, ఆ ఎర్రదాన్ని కుర్రాడికివ్వు. తెరమీద అందంగా పడుతుంది. నువ్వు గోధుమరంగు గుర్రం ఎక్కు."

హోబీ తన కంచరగాడిద మీద కూర్చుని అంతా చూస్తున్నాడు. అరవై దాటిన మనిషి, నాటకాల వాళ్ళతో ఊళ్ళు తిరిగి తిరిగి ఎవరినీ వదలకుండా ఎగతాళి చెయ్యడం అలవాటైనవాడు. "పాపం ఆర్విల్. మీసమూ పోయె, మీదెక్కే గుర్రమూ పోయె," అన్నాడు. లైట్లవాళ్ళు నవ్వారు. కుర్రాడు మాత్రం నవ్వలేదు. అదీ ఆర్విల్‌కి నచ్చలేదు.

పగ్గాలు కుర్రాడి చేతిలో పెడుతున్నప్పుడు అతను అడిగాడు. "దీని గురించి నేను తెలుసుకోవలసింది ఏమైనా ఉందాండీ?"

"మంచి గుర్రం," అన్నాడు ఆర్విల్. "నోరు సున్నితం. గట్టిగా లాగకు."

చెప్పవలసింది ఇంకొకటి ఉంది. పోయిన శరదృతువులో ముళ్ళపొదల్లోంచి దౌడు తీస్తుంటే ఒక కొమ్మ కొట్టుకుని దాని కుడికన్ను పోయింది. మూడు వారాలు ఎవరూ చూడకుండా మందునీళ్ళతో కడిగాడు. పుండు మానింది, చూపు రాలేదు. పైకి చూస్తే ఏమీ తెలియదు. ఎండలో మాత్రం కొద్దిగా నీలంగా మెరుస్తుంది. ఒంటికంటి గుర్రాన్ని శాలవాళ్ళు ఒక్కరోజు కూడా మేపరు. కుక్కల తిండి డబ్బాల్లో నింపే ఫ్యాక్టరీకి లారీ ఎక్కిస్తారు. అందుకే ఆర్విల్ ఎవరికీ చెప్పలేదు. వరసలో కుడిచివర తనే ఉంటాడు కాబట్టి దాని కుడిపక్కకి ఇంకో గుర్రం వచ్చే పనే లేదు. ఏడాదిగా అలాగే గడిచిపోయింది.

ఇప్పుడు జూనిపర్ నడుమకి వెళ్ళింది. దాని కుడిపక్కన నడవవలసిన గుర్రం ఆర్విల్‌దే.

మొదటి షాట్‌లో ముగ్గురూ కొండ ఎక్కారు. అంటించిన మీసం కింద చర్మం చిమచిమలాడుతోంది. ఆర్విల్ తన గుర్రాన్ని అరగుర్రం దూరం వెనక్కి పట్టి ఉంచాడు.

"వరసలో రావయ్యా ఆర్విల్!" అని గెల్లర్ అరిచాడు.

"ఇది బద్ధకపుదండీ," అన్నాడు ఆర్విల్.

గుర్రం కోసమే చెప్పకుండా ఉన్నానని తనకు తాను చెప్పుకున్నాడు. అది నిజమే. కానీ కుర్రాడు తెల్ల టోపీ సరిచేసుకుంటున్నప్పుడు, జూనిపర్ ఒక్కసారి బెదిరితే బాగుండునన్న కోరికా అదే క్షణాన పుట్టింది. అదీ నిజమే.

*

కుర్రాడికి స్వారీ నేర్పే పని కూడా ఆర్విల్ మీదే పడింది. మంగళవారం పొద్దున దొడ్డిలో గుండ్రంగా తిప్పించాడు.

"మోకాళ్ళతో నొక్కు. పిరుదులు ఎగరెయ్యకు, నువ్వేం పిండి దంచడం లేదు. మడమలు కిందికి. కిందికి అంటే పైకి కాదు అబ్బాయ్!"

కుర్రాడు ప్రతిదానికీ "అలాగేనండీ" అన్నాడు. తిట్టినా అలాగే, కసిరినా అలాగే. రికాబు తోలు రాసుకుని పిక్కలు ఎర్రగా కమిలిపోయాయి, ఒక్క మాట అనలేదు. వీడు కాస్త పొగరుగా ఉంటే తిట్టుకోవడానికైనా వీలుండేది అనుకున్నాడు ఆర్విల్. తిట్టడానికి సందివ్వని మనిషిని చూసి కుళ్ళుకోవడం మరీ కష్టంగా ఉంది.

మధ్యాహ్నం కొత్త కాగితాలు పంచారు. దొంగ చేత నిజం కక్కించే సీను ఆర్విల్‌ది. నాలుగు వాక్యాలు. రెండు వారాలుగా అద్దం ముందు చెప్పుకుంటున్నాడు. కొత్త కాగితంలో ఆ నాలుగూ కుర్రాడి పేరు కింద ఉన్నాయి. ఆర్విల్‌కి ఒకటే మిగిలింది, "పదండి, వాళ్ళు కొండవైపు పోయారు" అని.

"ఇదివరకు ఎటు పోయారో నేను చెప్పేవాణ్ణి. నా మాటలు నీకొచ్చాయి," అన్నాడు హోబీ. "ఇక నాకు నోరే అక్కర్లేదేమో. గాడిద చాలు."

గెల్లర్ కుర్రాడి మొహాన్ని దగ్గరగా తీశాడు. ఒక మనిషి వెండి రేకు అంటించిన పలక పట్టుకుని ఎండని అతని మొహం మీదికి మళ్ళించాడు. కెమెరా వెనక నిలబడ్డ ఆర్విల్ పెదాలు తెలియకుండానే ఆ నాలుగు వాక్యాలూ పలుకుతున్నాయి. కుర్రాడు మూడోదాంట్లో తడబడ్డాడు. ఆర్విల్‌కి గుండెలో చల్లగా అనిపించింది. రెండోసారి కుర్రాడు బాగా చెప్పాడు. నిజం ఒప్పుకోవాలంటే, అద్దం ముందు ఆర్విల్ చెప్పినదానికన్నా బాగా చెప్పాడు. ఆ చల్లదనం కాస్తా నిప్పయి కూర్చుంది.

బుధవారం సాయంత్రం పని అయ్యాక జీనులు దించుతున్నారు. కుర్రాడు జేబులోంచి పుదీనా బిళ్ళ తీసి జూనిపర్‌కి పెట్టాడు. అది మెడంతా తిప్పి అందుకుని, కరకర నమిలి, అతని చొక్కా జేబులో ముక్కు పెట్టి వెతికింది. అతను నవ్వుతూ దాని చెవుల మధ్య గోకాడు. జూనిపర్ కళ్ళు మూసుకుంది.

అక్కడ గోకితే దానికి ఇష్టమని ఆర్విల్‌కి తప్ప ఎవరికీ తెలియదు. తెలియదనుకున్నాడు.

నడిమి చోటు పోయింది, మాటలు పోయాయి. వాటికి మనుషుల మీద కోపం తెచ్చుకోవచ్చు. ఇది అలాంటిది కాదు. ఆర్విల్ జీనుని కొయ్య మీద విసురుగా వేశాడు. ఆ చప్పుడుకి జూనిపర్ కళ్ళు తెరిచింది గానీ అతనివైపు తిరగలేదు.

*

గురువారం దౌడు షాట్. కెమెరాని లారీ మీద బిగించారు. లారీ ముందు పోతుంటే ముగ్గురూ వరసగా దాని వెంట గుర్రాలు దూకించాలి.

"ఇవాళ బద్ధకం కబుర్లు వద్దు," అన్నాడు గెల్లర్. "ముగ్గురి మోకాళ్ళూ ఒక వరసలో కనబడాలి నాకు."

లారీ కదిలింది. ఇసుక నేల గట్టిగా, చదునుగా ఉంది. డెక్కల మోత పెరిగింది. కుర్రాడు మోకాళ్ళతో బాగా నొక్కిపట్టాడు, మడమలు కిందికి దించాడు, అన్నీ నేర్పినట్టే. అతని టోపీ అంచు గాలికి పైకి లేచింది. జూనిపర్ మెడ చాచి పరిగెడుతోంది. అది అంత హాయిగా పరిగెత్తడం ఆర్విల్ వెనకనుంచి ఎన్నడూ చూడలేదు. ఎప్పుడూ తను దాని మీదే ఉండేవాడు.

అతని చేతిలో పగ్గాలు బిగువుగా ఉన్నాయి. గోధుమ గుర్రం ముందుకు పోతానంటోంది. ఆర్విల్ పగ్గాలు వదిలాడు. వదలడమే కాదు, మడమలతో ఒక్కపోటు పొడిచాడు.

గోధుమ గుర్రం జూనిపర్ పక్కటెముకల దగ్గరికి దూసుకొచ్చింది. కనబడని వైపునుంచి ఒళ్ళు ఒరుసుకునేసరికి జూనిపర్ కొరడా తిన్నట్టు ఎడమకి ఎగిరింది. కుర్రాడు గాల్లో ఒక క్షణం కూర్చున్నట్టే ఉన్నాడు. తర్వాత నేల మీద భుజం తాకిన చప్పుడు వినబడింది.

హోబీ గాడిదని ఎలా ఆపాడో ఆపాడు. లారీ ఆగింది. ఆర్విల్ దిగి పరిగెత్తేటప్పటికి కుర్రాడు లేచి కూర్చున్నాడు, మొహం సున్నంలా ఉంది.

"ఏమైంది?" అని గెల్లర్ గట్టిగా అరిచాడు.

"నాదే తప్పండీ," అన్నాడు కుర్రాడు. "పగ్గం ఒక్కటి లాగాను. బెదిరింది."

"నేను కళ్ళారా చూశాను, నువ్వేం లాగలేదు. దానికి పిచ్చెక్కింది," అని గెల్లర్ గుర్రపుశాల మనిషిని పిలిచాడు. "రేపు పొద్దున లారీ తెప్పించి దీన్ని తీసుకుపో. నా హీరోని పడేసే గుర్రం నాకొద్దు. ఇంకెవరికీ ఇవ్వకు."

శాల మనిషి తల ఊపాడు. ఎవరికీ ఇవ్వని గుర్రం ఎక్కడికి పోతుందో అక్కడున్న వాళ్ళందరికీ తెలుసు.

*

మధ్యాహ్నం భోజనాల బండి దగ్గర చిక్కుడుగింజల కూర, రొట్టె పెడుతున్నారు. ఆర్విల్ పళ్ళెం తీసుకుని దూరంగా బండరాయి నీడలో కూర్చున్నాడు. తినలేదు. కాసేపటికి కుర్రాడు వచ్చి పక్కన కూర్చున్నాడు. పళ్ళెం ఎడమచేత్తో పట్టుకున్నాడు. కుడిచెయ్యి ఒళ్ళో పెట్టుకుని కదల్చడం లేదు.

"విరిగిందా?"

"లేదండీ. తిమ్మిరెక్కినట్టుంది."

బండి దగ్గర హోబీ ఏదో అంటే జనం నవ్వుతున్నారు.

"కుడికన్ను కదండీ?" అన్నాడు కుర్రాడు.

ఆర్విల్ చేతిలో రొట్టె ఆగిపోయింది.

"సోమవారమే అనుమానం వచ్చింది. నిన్న దాని కుడివైపునుంచి బిళ్ళ పెడితే మెడంతా తిప్పి తీసుకుంది చూశారా? అప్పుడు ఖాయమైంది. మా నాన్న పెన్సిల్వేనియాలో బొగ్గుగనిలో కంచరగాడిదలు తోలేవాడు. ఏళ్ళ తరబడి చీకట్లో ఉండి వాటికి కళ్ళు పోయేవి. నేను వాటి మధ్య పెరిగాను. నా పేరు కెన్ కూడా కాదులెండి. కాజిమిర్. వీళ్ళకి నోరు తిరగలేదు."

"తెలిసి ఎందుకెక్కావు?"

"చెబితే దాన్ని పంపించేస్తారు కదా. పైగా," అని కుర్రాడు ఎడమచేత్తో చెంచా తిప్పాడు. "మీరు రోజూ అరగుర్రం వెనక వచ్చేవారు. ఆయన అంత అరుస్తున్నా వినకుండా. నా కోసమే అనుకున్నాను. ఈయన ఉన్నంతసేపూ నాకేం భయం లేదనుకున్నాను."

అతని గొంతులో నిష్ఠూరం లేదు. ఉంటే ఆర్విల్ ఏదో ఒకటి అనేవాడు. గుర్రం ఆగలేదని అనేవాడు, గెల్లర్ వరసలో రమ్మన్నాడని అనేవాడు.

"ఇవాళ ఎందుకు ముందుకొచ్చారో నాకు తెలియదు. అడగను," అని కుర్రాడు లేచాడు. లేస్తున్నప్పుడు పళ్ళు బిగపట్టాడు.

ఆర్విల్ ఆ సాయంత్రం దొడ్డి దగ్గరికి వెళ్ళలేదు. ఆరేళ్ళలో అదే మొదటిసారి.

*

శుక్రవారం పొద్దున లారీ వచ్చి వెనకతలుపు దించుకుని నిలబడింది. శాల మనిషి జూనిపర్‌ని నడిపించుకు వస్తున్నాడు. చెక్క బల్ల మీద దాని ముందు డెక్కలు టకటకమన్నాయి.

గెల్లర్ కెమెరా దగ్గర కాఫీ తాగుతున్నాడు. చుట్టూ పదిహేను మంది దాకా ఉన్నారు. ఆర్విల్ తిన్నగా ఆయన ముందుకు వెళ్ళి నిలబడ్డాడు. మీసం అంటించుకోలేదు.

"గుర్రం తప్పేం లేదండీ."

"మళ్ళీ మొదలెట్టకు."

"నేను నా గుర్రాన్ని కావాలని దాని మీదికి తోలాను. ఆ సమయంలో ఒరుసుకుంటే ఏ గుర్రమైనా ఎగురుతుంది. అతను పడాలనే తోలాను."

కుర్రాడు దూరంనుంచి తల అడ్డంగా ఊపుతున్నాడు, వద్దన్నట్టు.

"ఎందుకూ?" అన్నాడు గెల్లర్.

కారణం అందరికీ తెలిసిందే. అయినా ఆయన అడిగాడు. ఆర్విల్ పదిహేనుమంది మొహాలనీ ఒకసారి చూశాడు. దొంగ చేత నిజం కక్కించే సీనులో తను ఎన్నోసార్లు అవతలివైపు నిలబడ్డాడు. ఇవతలివైపు ఇంత ఎండగా ఉంటుందనుకోలేదు.

"కుళ్ళు," అన్నాడు. "నడుమ నేను కూర్చుంటాననుకున్నాను. ఆ గుర్రం నాదనుకున్నాను. అది ఇతని చేతిలోది తిని కళ్ళు మూసుకుంటే చూడలేకపోయాను."

హోబీ ఏదో అనబోయి ఊరుకున్నాడు. హోబీ ఊరుకోవడం అక్కడెవరూ ఎరగరు.

గెల్లర్ కప్పులో మిగిలిన కాఫీ నేల మీద పారబోశాడు. "పద్నాలుగు బొమ్మలు చేశావు నాతో. మనిషి మెడ విరిగేది, తెలుసా?"

"తెలుసండీ."

"దీంతో నీ పని సరి. వచ్చే బొమ్మలో కుడివైపుకి ఇంకొకణ్ణి చూసుకుంటాను. ఇందులో మిగిలిన రెండు రోజులూ చెప్పింది చేసి పో. పని కావాలంటే దొంగల ముఠాలో ముసుగేసుకుని తిరుగు." శాల మనిషికి చెయ్యి ఊపాడు. "దించు దాన్ని. దాని మీద ఈ మనిషినే ఎక్కనీ. ఒకరికొకరు సరిపోయారు. కుర్రాడికి గోధుమదాన్ని ఇచ్చి నుదుట తెల్లరంగు పుయ్యండి. నలుపు తెలుపు బొమ్మలో ఎరుపైతేనేం, గోధుమైతేనేం!"

ఆ మధ్యాహ్నం దౌడు షాట్ ఒక్కసారికే అయిపోయింది. కుర్రాడు నడుమ, నామం పూసిన గోధుమ గుర్రం మీద. ఆర్విల్ కుడిచివర, జూనిపర్ మీద. గెల్లర్ బాగుందని చెప్పి కుర్రాడి వీపు తట్టాడు. ఆర్విల్ వైపు చూడలేదు. లైట్లవాళ్ళు పక్కనుంచి పోతూ గొంతులు తగ్గించారు. భోజనాల బండి దగ్గర అతని కోసం ఎవరూ జరగలేదు. హోబీ మాత్రం పళ్ళెం తెచ్చుకుని ఎదురుగా కూర్చుని, "నలభై ఏళ్ళ నుంచి నేనూ కుళ్ళుకుంటూనే ఉన్నాను. ఎవడైనా అడిగితే జోకని చెబుతాను," అన్నాడు. ఇంకేమీ అనకుండా తిన్నాడు.

*

శనివారం చివరి షాట్. పారిపోతున్న దొంగని హీరో తరిమి పట్టుకుని, గుర్రం మీదనుంచి కిందికి లాగెయ్యాలి. మామూలుగా అయితే అలాంటి పనులకి వేరే మనుషులుంటారు. కానీ హీరో మొహం స్పష్టంగా కనబడాలని గెల్లర్ పట్టు. కెమెరా నెమ్మదిగా తిప్పుతాం, గుర్రాలు మెల్లగా వచ్చినా తెరమీద ఉరుకుతున్నట్టే ఉంటాయి, భయం లేదన్నాడు.

గెల్లర్ అన్నట్టే, దొంగ వేషం ఆర్విల్‌ది. నల్ల చొక్కా, నల్ల టోపీ, చెవుల దాకా గడ్డం. జూనిపర్ నుదుటి నామానికి మసి పూశారు. అద్దంలో చూసుకుంటే తనకే తను తెలియలేదు.

"నేల తవ్వి మెత్తగా చేసిన చోటు చూశావుగా. అక్కడ లాగు," అని గెల్లర్ కుర్రాడికి చెబుతున్నాడు. "కుడిచేత్తో మెడ పట్టుకుని బలంగా లాగు. నీ బలం జనానికి కనబడాలి."

కుర్రాడు తల ఊపాడు. అతను గుర్రం ఎక్కుతుంటే ఆర్విల్ చూశాడు. జీను కొమ్ముని ఎడమచేత్తోనే పట్టుకున్నాడు. కుడిచెయ్యి భుజం ఎత్తుకు కూడా లేవడం లేదు. చొక్కా కింద గట్టిగా గుడ్డ చుట్టినట్టుంది. ఆ చెయ్యి పిల్లినైనా లాగలేదు. చెబితే షాట్ ఆగుతుంది. ఆగితే ఆరో రోజు దాటుతుంది. దాటితే గెల్లర్ కొత్తవాడి చెయ్యి ఎందుకలా ఉందో, ఇంకెన్నాళ్ళుంటుందో ఆలోచించడం మొదలుపెడతాడు. కొత్తవాళ్ళకి కొదవ లేదు. సబ్బుల పాటలు పాడేవాళ్ళు రేడియోలో చాలామందే ఉన్నారు.

ఆర్విల్‌కి ఇదంతా ఒక్కసారిగా తట్టింది. తను ఏమీ చెయ్యకుండా ఊరుకుంటే చాలు, కుర్రాడి పని అయిపోతుంది. ఈసారి మడమతో పొడవక్కర్లేదు కూడా.

"కెమెరా!"

అతను జూనిపర్‌ని కదిలించాడు. బండరాళ్ళ మధ్యనుంచి తవ్విన నేల వైపు. పద్నాలుగు బొమ్మల్లో తరిమినవాడే గానీ ఎప్పుడూ పారిపోలేదు. పారిపోయేవాడికి వెనక చప్పుడొక్కటే తెలుస్తుంది. గోధుమ గుర్రం డెక్కలు దగ్గరవుతున్నాయి. జూనిపర్ ఎడమచెవి వెనక్కి తిరిగింది. కుర్రాడు ఎడమవైపునుంచి, అది చూడగలిగే వైపునుంచి వస్తున్నాడు.

ఆర్విల్ రికాబుల్లోంచి రెండు పాదాలూ మెల్లగా తీసేశాడు.

కుర్రాడి చెయ్యి అతని మెడ మీద పడింది. పడిందంటే ఆనింది, అంతే. అందులో పట్టు లేదు. చెవి పక్కన కుర్రాడి ఊపిరి నొప్పితో బుసకొట్టింది. ఆర్విల్ ఆ చేతిని తన రెండు చేతులతో విడిపించుకోబోతున్నవాడిలా పట్టుకుని, గుండెకు అదుముకుని, ఒళ్ళంతా ఎడమకి విసిరేశాడు. కుర్రాడూ అతనితోపాటు జీను మీదనుంచి వచ్చేశాడు. గాల్లోనే తిరిగి ఆర్విల్ తను కిందవైపుకి వచ్చాడు. కుర్రాడి బరువంతా, ఆ భుజంతో సహా, తన ఛాతీ మీద తీసుకుని నేలకు కొట్టుకున్నాడు. రెండుసార్లు దొర్లాడు. మూడోసారి కుర్రాణ్ణి పైకి రానిచ్చి, ఓడిపోయినవాడిలా చేతులు బార్లా చాపేశాడు.

కొండ కింద చప్పట్లు మొదలయ్యాయి. లైట్లవాళ్ళు ఈలలు వేస్తున్నారు. "చూశారా, ఎలా లాగాడో! ఎద్దుని పడేసినట్టు!" అని ఎవరో అరిచారు. ఆ మాట ఆర్విల్‌కి గుచ్చుకుంది. గుచ్చుకోలేదంటే అబద్ధం. నోటినిండా మట్టి, పక్కటెముకల్లో ఒకటి కదిలినట్టుంది. అంత బాగా తను ఎన్నడూ పడలేదు. ఆ సంగతి ఈ భూమ్మీద తెలిసినవాడు ఇంకొకడే ఉన్నాడు. వాడు తన మీదే కూర్చుని ఉన్నాడు.

కుర్రాడి కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి. "నేను లాగలేదండీ," అని గొణిగాడు. "మీరే..."

"నోరు మూసుకుని లే," అన్నాడు ఆర్విల్, గడ్డం చాటునుంచి పెదాలు కదలకుండా. "లేచి నవ్వు. కెమెరా ఇంకా తిరుగుతోంది."